అక్క అర్జీలున్న లాప్‌టాప్

అక్క పోయిన తర్వాత ఆమె వస్తువుల్లో నేను అడిగి తెచ్చుకున్నది లాప్‌టాప్ ఒక్కటే. చీరలు వద్దన్నాను. బావ దాన్ని సంచిలో పెట్టి చేతికిస్తూ, "ఉడుకైతది, జర చూసుకో" అన్నాడు. ఆ రోజు ఆ మాట నా చెవిన పడింది గానీ మనసులో నిలవలేదు.

అక్క సిరిసిల్లలో అర్జీలు టైపు చేసేది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. బావకు నాలుగు సాంచాల కార్ఖానా ఉంది. దాని ముందు చిన్న గది. గోడకు అవతల సాంచాలు కొట్టుకుంటుంటే ఇవతల ఆమె ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుని కూర్చునేది. పింఛను, రేషన్ కార్డు, కరెంటు మీటరు, పిల్లల బడి సర్టిఫికెట్, ఏ కాగితం కావాలన్నా ఆ వాడవాళ్లు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. మొదట్లో పెద్ద కంప్యూటర్ ఉండేది. కరెంటు కోతలు ఎక్కువయ్యాక లాప్‌టాప్ తీసుకుంది. ఎండాకాలం చివర ఒక ఉదయం గుండె ఆగి పోయింది. యాభై రెండేళ్లు.

నేను కోరుట్లలో ఉంటాను. మల్లాపూర్ బడిలో తెలుగు చెప్తాను. వాక్యం ఎట్లా రాయాలో పిల్లలకు నేర్పడం నా పని. కానీ నాకు తెలిసినవాళ్లలో తిన్నగా రాసిన మనిషి అక్కే. ఆఫీసుల ముందు కూర్చుని అర్జీలు రాసేవాళ్లు 'తమ దివ్య సముఖమునకు' అని మొదలుపెట్టి పాదధూళి దాకా పోయేవాళ్లు. అక్క అట్లా రాయదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"ఆఫీసుల కూసున్నోనికి రోజుకు ఎన్ని కాయితాలు అస్తయి? ఏడ్పు సదివి సదివి వాని మనసు మొద్దువారి ఉంటది. ఏం గావాల్నో, ఎందుకు గావాల్నో రాస్తె సాలు" అంది.

రాయడం గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. ఇంతకంటే పనికొచ్చే మాట వాటిలో దొరకలేదు.

ఆ ఏడే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనులు కూడా ఆగడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియకుండా అయింది. పొద్దున కోరుట్లలో మా టీచర్ల శిబిరంలో కూర్చుని ఇంటికి వచ్చేదాన్ని. మధ్యాహ్నాలు పని ఉండేది కాదు. అప్పుడే అక్క అర్జీలు చదవడం మొదలుపెట్టాను. వాటిలో ఆమె గొంతు వినిపించిందని అనను. అర్జీలో టైపు చేసినవాళ్ల గొంతు ఉండదు, ఉండకూడదు. కానీ ఏది చెప్పాలి, ఏది వదిలెయ్యాలి, ఎక్కడ ఆపాలి అని ఆమె తీసుకున్న నిర్ణయాలు ప్రతి కాగితంలో ఉన్నాయి. నాకు అవి చాలనిపించింది.

చదువుదామంటే లాప్‌టాప్ చదవనిచ్చేది కాదు. తెరిచిన కాసేపటికే ఫ్యాను రొద పెట్టేది. అరచేతుల కింద మీటలు కాలేవి. పది నిమిషాలు, మహా అయితే పన్నెండు. తెర నల్లబడేది. మళ్లీ తెరవాలంటే అరగంట ఆగాలి. ఇంట్లో అందరూ కొత్తది కొనమన్నారు. ఇప్పుడు సన్నటివి, తేలికవి వస్తున్నాయన్నారు. వాళ్ల మాట తప్పు కాదు. నాకు మాత్రం దాన్ని ఎవరి చేతికీ ఇవ్వబుద్ధి కాలేదు. పది నిమిషాలు చదవడం, అరగంట ఊరికే కూర్చోవడం, దానికి అలవాటు పడిపోయాను.

నేతవాళ్ల ఇళ్లలో పుట్టినవాళ్లం మేము. విలువైన వస్తువును వట్టి బల్ల మీద పెట్టం. కింద గుడ్డ వేస్తాం. నేను మా నాన్న నేసిన మందపాటి తువ్వాల ఒకటి నాలుగు మడతలు వేసి, దాని మీద లాప్‌టాప్ పెట్టాను. సంచిలో చార్జర్‌తో పాటు రెండు ఖాళీ కండెలు కూడా వచ్చాయి. సాంచకు నూలు అందించే కర్ర గొట్టాలు, వేలెడు మందాన ఉంటాయి. అక్క చేతికి ఎప్పుడూ ఏవో కండెలు తగులుతుండేవి కదా అనుకుని వాటిని తుడిచి ఆమె ఫోటో ముందు పెట్టాను.

సమ్మె రెండో వారంలో సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చింది.

"చెల్లే, నేనే. మీ అక్క ఇంటి ఎనక ఉంటనే. గుర్తు వట్టినవా?"

గొంతు వినగానే గుర్తుపట్టాను. అక్క పోయిన రోజున వంటలు, నీళ్లు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, అన్నీ కేకలేసి నడిపించింది ఈమే. భర్త పోయి రెండేళ్లు. కండెలు చుట్టి బతుకుతుంది. వరసకు వదిన అవుతుంది, తను మాత్రం నన్ను చెల్లే అంటుంది.

"చెప్పు వదినా."

"నా పింఛను కాయితం ఆఫీసుల కనవడ్తలేదట. అక్క కొట్టిన అర్జీ నకలు ఉంటె వరుసల నా నంబరు పాత జాగలనే ఉంటదట. లేకుంటె మళ్ల మొదటికే. నా తాన ఉన్న కాయితం వానకు నాని పోయింది. నీ తాన ఉన్న మిషిన్ల ఉంటది, జర తీసియ్యి."

"ఆఫీసులన్నీ బందున్నయి కదా."

"బందే. మీరందరు సమ్మెల కూసుంటిరి, నా అర్జీ ఎవలు సూస్తరు? సమ్మె ఇడిసిన తెల్లారి నేను గాడ ఉండాలె. నా ముంగట ఇంకొకలు ఉండొద్దు."

"ఏ పేరు మీద వెతకాలె?"

"పేరేంది చెల్లే, మా వాడల నా పేరోళ్లే ఆరుగురున్నరు. అక్క పేర్లు రాయకపోయేది. గుర్తులు వెట్టుకునేది."

"నీకేం గుర్తు వెట్టింది?"

"నాకేం ఎరుక? గయ్యాళిది అని వెట్టిందేమో, సూడరాదు!"

ఆమె చెప్పింది నిజమే. ఒకే వాడలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. అందుకని అక్క ఫైళ్లకు మనిషి గుర్తులు పెట్టుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. వేపచెట్టు ఇల్లు. ఇద్దరు కవలలు. మేనమామ కొట్లాట. ఎర్ర గొడుగు. మూడు వందల పైచిలుకు ఉన్నాయి. గయ్యాళిది అని ఏదీ లేదు. 'గట్టిగ మాట్లాడే ఆమె' అని ఒకటి ఉంటే సంతోషంగా తెరిచాను. అది నల్లా నీళ్ల కోసం పెట్టిన వేరే ఆమె అర్జీ. 'పెద్ద నోరు' కూడా వేరే ఆమెదే. వదినకు సరిపోతాయనిపించినవన్నీ ముందు తెరిచాను. తర్వాత వరసగా తెరవడం మొదలుపెట్టాను. పది నిమిషాలకు ఆరో ఏడో అయ్యేవి.

అట్లా నాలుగు రోజులు గడిచాయి. అయిదో రోజు లాప్‌టాప్ మూడు నిమిషాలకే ఆగిపోయింది. అరగంట ఆగి మీట నొక్కాను. రాలేదు. గంట ఆగాను. సాయంత్రానికి గానీ తెర వెలగలేదు. అప్పుడు భయం వేసింది. అప్పటిదాకా ఆ అర్జీలు నావి అనుకున్నాను. అక్క జ్ఞాపకం కోసం నేను దాచుకున్నవి అనుకున్నాను. వాటిలో ఒకటి ఇంకా బతికి ఉన్న మనిషికి కావాలి. రేపు ఇది తెరుచుకోకపోతే ఆమెకు ఏం చెప్తాను?

జగిత్యాలలో గడియారం టవర్ దగ్గర ఒకతను బాగుచేస్తాడని శిబిరంలో చెప్పారు. మర్నాడు పొద్దున లాప్‌టాప్‌ను అదే తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. సగం దారిలో ఆటో ఆగింది. రోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. తిని పోతేనే దారి ఇస్తామన్నారు. ఒకామె నా చేతిలో విస్తరి పెడుతూ నా ఒడిలోని మూట చూసింది.

"గండ్ల ఏముంది?"

"లాప్‌టాప్. పని చేస్తలేదు."

"గది సుత సమ్మెల ఉన్నదా? కానియ్యి, నువ్వన్న తిను."

పప్పు, అన్నం, మామిడికాయ తొక్కు. అక్క పోయాక ఆకలితో తిన్న అన్నం అదే.

జగిత్యాల అతనికి నలభై ఏళ్లుంటాయేమో. తండ్రి గడియారాలు బాగుచేసేవాడట. అదే కొట్టు, అదే బల్ల. తండ్రి కంటికి పెట్టుకునే భూతద్దం ఇప్పుడు ఇతను పెట్టుకుంటాడు. కరెంటు లేదు. బల్లను గుమ్మం దగ్గరికి జరుపుకుని పగటి వెలుతురులో పని చేస్తున్నాడు. నేను మూట విప్పుతుంటే చూశాడు.

"మేం ఖురాన్ కితాబును చుట్టినట్లు చుట్టి తెచ్చిండ్రు మేడం."

మా అక్కది అన్నాను. అక్క ఉందా, పోయిందా అని అతను అడగలేదు. నేనన్న తీరులోనే తెలిసి ఉంటుంది. మరలు ఒక్కొక్కటే విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేటట్టు ఒక కాగితం మీద వరసగా పెట్టాడు. ఫ్యాను మీది రేకు తీసి, సన్నటి పట్టుకారుతో లోపలినుంచి ఒక మందపాటి పొర లాగాడు. నూలు పొట్టు. వేలెడు వెడల్పున, ఒత్తిన దూదిలాగా అతుక్కుపోయి ఉంది.

"సాంచాల దగ్గర నడిసిందా ఇది?"

"సిరిసిల్ల."

"గదీ సంగతి."

పొర తెల్లగా ఉంది. మధ్యలో ఒక చోట మాత్రం గులాబీ రంగు. కిందటేడు జెండాల గుడ్డకు ఆర్డర్లు వచ్చి వాడంతా గులాబీ బట్ట నేశారు. ఆ నెలల్లోది అయి ఉంటుంది. దాన్ని దాచుకోవాలని ఒక్క క్షణం అనిపించింది. పొట్టును దాచుకుని ఏం చేస్తాను? అతను దాన్ని చెత్తబుట్టలో వేశాడు.

తండ్రి నాటి మెత్తటి కుంచెతో ఫ్యాను రెక్కలు తుడిచాడు. చిప్పు వేడి లాగడానికి పూసే పేస్టు ఎండిపోతే, అది గీకి కొత్తది రాశాడు. అన్నీ బిగించాక తిరగేసి కింది చిల్లులు చూపించాడు.

"ఇంట్ల దీని కింద ఏం వెడ్తరు?"

"ఇదే తువ్వాల. నాలుగు మడతలు."

అతను తువ్వాలను చూశాడు, నన్ను చూశాడు. నవ్వలేదు.

"కితాబుకు గాలి అక్కర లేదు మేడం. ఇది గాలి పీలుస్తది. గీ కింది రంధ్రాలకెళ్లే పీలుస్తది. పొట్టు కొంత, మీ తువ్వాల కొంత. రెండూ కలిసి ముక్కు మూసినయి."

తువ్వాలను బల్ల మీంచి తీసేశాను. నాలుగు నెలలుగా నేను దానికి మర్యాద చేస్తున్నాననుకున్నాను.

కాసేపటికి అసలు అడగాలనుకున్నది అడిగాను. "కొత్తది తీసుకోవాల్నా?"

"నేను అమ్మేటోన్ని. తీసుకోండ్రి అనే అంటా." ఈసారి నవ్వాడు. "నిజం జెప్పాల్నంటె, ఈ మోడల్ ఇప్పుడు వస్తలేదు. దీని ఫ్యాను పోతె ఇంకోటి దొర్కది. ఏడాది నడుస్తదో, రెండేండ్లో, నేను హామీ ఇయ్య."

"ఇందులో ఉన్నవి కొత్తదాంట్లోకి పోతయా?"

కరెంటు వచ్చేదాకా ఆగమన్నాడు. వచ్చాక ఒక అర్జీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అమ్మకానికి పెట్టిన కొత్త లాప్‌టాప్‌లో తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు. అక్క టైపు చేసింది పాత తెలుగు సాఫ్ట్‌వేర్‌లో. కొత్త విండోస్‌లో అది నడవదన్నాడు. అక్షరాల ఫాంటు ఎక్కించి మళ్లీ తెరిచాడు. తెలుగు కనిపించింది గానీ ఒత్తులు ఒక చోట, అక్షరాలు ఒక చోట పడ్డాయి.

"తెలుగే. కాని దీనికి తెల్వది" అని, అర్జీని పాతదాంట్లో మళ్లీ తెరిచి రెండు పేరాలు తనే చదివాడు. అతను తెలుగు బడిలో చదువుకున్నాడట. "ఎవలు రాసిండ్రో, సాఫ్ రాసిండ్రు" అన్నాడు.

ఆ మాట నేను ఊహించలేదు. తల తిప్పి రోడ్డు వైపు చూశాను.

"మీరు ఇప్పుడే కొనకుండ్రి మేడం. ఇది నడిసినన్ని రోజులు అన్నీ కాయితం మీదికి దింపుకోండ్రి. కొత్తది తర్వాత. కింద మాత్రం బట్ట వెట్టకుండ్రి. రెండు దిక్కుల ఏదన్న ఎత్తు వెట్టుండ్రి, గాలి ఆడాలె."

ఇంటికి వచ్చి ఎత్తుకు ఏం పెట్టాలా అని చుట్టూ చూశాను. పుస్తకాలు పెట్టి చూశాను, మరీ ఎత్తయింది. అప్పుడు ఫోటో ముందున్న రెండు కండెలు కనిపించాయి.

చార్జర్ సంచిలోకి కండెలు ఎందుకొస్తాయి? అవి లాప్‌టాప్ సామానే. అక్క రోజూ వాడిన వస్తువును తుడిచి, పూజకు పెట్టినట్టు ఫోటో ముందు పెట్టింది నేను. ఆమె గాలి ఆడనిచ్చిన చోట గుడ్డ వేసి మూసింది నేను. వాటిని తీసి ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టి లాప్‌టాప్ ఉంచాను. కదలకుండా కూర్చుంది. ఒక కండెకు ఒక వైపు నున్నగా అరిగి, లాప్‌టాప్ కింది అంచు గీత పడి ఉంది. అది కూడా నేను నాలుగు నెలలుగా చూడలేదు.

ఆ సాయంత్రం గంటకు పైగా నడిచింది. మర్నాడు పొద్దున కూడా. మిగిలిన ఫైళ్లు వరసగా తెరుస్తూ పోతే వదిన అర్జీ దొరికింది. దాని గుర్తు 'మాట్లాడని ఆమె'. మొదటి రోజే ఆ గుర్తు చూశాను. ఇది వదినది కాదని నవ్వుకుని దాటేశాను.

అర్జీ చిన్నది. "నా భర్త ఇరవై ఏండ్లు సాంచాలు నడిపినాడు. పోయిన నెల ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయినాడు. దవాఖాన కాగితం జతచేసినాను. నేను కండెలు చుడుతాను. ఒక బిడ్డ ఉన్నది, ఎనిమిదవ తరగతి. వితంతు పింఛను మంజూరు చేయగలరు. నేను మాట్లాడలేని స్థితిలో ఉన్నందున ఈ వివరాలు ఇరుగుపొరుగువారు చెప్పగా రాయబడినవి. చదివి వినిపించగా నేను తల ఊపి ఒప్పుకున్నాను." పైన తేదీ ఉంది.

కరెంటు ఉన్న గంట చూసి జిరాక్స్ షాపులో మూడు నకళ్లు తీయించాను. సమ్మె ఎప్పుడు ముగుస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని మర్నాడే బయల్దేరాను. వేములవాడ దాకా జీపు, అక్కడినుంచి ఆటో. వదిన ఇంటి ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చినవా! ఫోన్ల మాటియ్యక వారం నన్ను సంపినవు కదనే. దొరికిందా? ఏ గుర్తు వెట్టింది? గయ్యాళిదనేనా?"

ముందు అర్జీ చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. తల ఊపిన వాక్యం దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత గుర్తు చెప్పాను.

ఆమె చేతిలో కండె పక్కన పెట్టి, నా దగ్గరి నకలు తీసుకుంది.

"పదిహేను రోజులు నేను మాట్లాడలే చెల్లే. పిల్లతోని సుత మాట్లాడలే. అక్క పొద్దుగాల్ల అచ్చి నన్ను చెయ్యి వట్టుకోని తీస్కపోయి గా కుర్చీల కూసుండవెట్టేది. ఏం అడగకపోయేది. ఆమె పని ఆమె చేసుకునేది. పొద్దు మూకినంక ఇంటికాడ దించేది."

"అర్జీ ఎప్పుడు రాసింది?"

"గండ్లనే, ఒకనాడు. సదివింది, తల ఊపిన." నకలును మోకాలి మీద పెట్టి చదును చేసింది. "గా మిషిని ఊకె ఉడుకయి బందయ్యేది. అక్క చెయ్యి వెట్టి సూసి ఉఫ్ అనుకునేది. నాకు చూడబుద్ధి గాలె. కొంగుల రెండు కండెలుంటె తీసి దాని కింద వెట్టిన."

"ఆ కండెలు నువ్వు పెట్టినవా?"

"మరి ఎవలు వెడ్తరు? ఆమెకు టైపు తప్ప ఏమొస్తది?"

"అప్పుడు కూడా మాట్లాడలేదా?"

"లే. వెట్టిన, మళ్ల కూసున్న. అక్క నన్ను సూసింది, టైపు కొట్టుకున్నది."

నకళ్లు మడిచి డబ్బాలో పెట్టింది. మళ్లీ గొంతు ఎప్పటిలాగే అయింది. మిషిను ఎట్లా ఉందని అడిగింది. నడుస్తోందన్నాను. ఎక్కువ రోజులు నడవదట, కొత్తది కొనాలి, అంతకుముందు అర్జీలన్నీ కాగితం మీదికి రావాలి అన్నాను.

"అన్ని తియ్యి. ఎవలకు ఎప్పుడు గావాల్నో ఎవలకెరుక? కొత్తది గిట్ల ఉడుకు గాదా?"

"అయితదేమో."

లోపలికి పోయి రెండు కండెలు తెచ్చి నా చేతిలో పెట్టింది. ప్లాస్టిక్‌వి.

"కర్రయి ఇప్పుడు వస్తలెవ్వు. ఇయ్యే పెట్టుకో."

సమ్మె విరమించిన మర్నాడు నేను బడికి పోయాను, ఆమె ఆఫీసుకు పోయింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది. తనకంటే ముందు ఇద్దరున్నారని పది నిమిషాలు వాళ్లను తిట్టింది. తర్వాత, నకలు తీసుకున్నారని, నంబరు పాతచోటే ఉందని చెప్పింది.

పాత లాప్‌టాప్ మరో ఏడాదిన్నర నడిచింది. ఆలోగా అర్జీలన్నీ కాగితం మీదికి వచ్చాయి, ఒక ఇనుప పెట్టె నిండింది. ఇప్పుడు నేను రాస్తున్నది కొత్తదాని మీద. అది అంతగా వేడెక్కదు. అయినా కింద ప్లాస్టిక్ కండెలు ఉన్నాయి.